సంకల్పము – సంభారము
మన సాంస్కృతిక సంస్థల కార్యప్రణాళికపై ఒక విమర్శ

పురుషోత్తపురమునకు సమీపమున, ఋషికుల్యానదీ ప్రాంతమున, జౌగడశిల కలదు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి దానిపై తన శాసనములను చెక్కించెను. 1850 ప్రాంతమున సర్ వాల్టర్ ఇలియట్ వాని ప్రతిని తీయించిన నాటినుండియు పండితులు వానిలో ధర్మమును, భాషను, లిపిని పరిశీలించుచు వచ్చిరి. నావంటి బడిపంతులునకు మాత్ర మందు మరియొక విశేషము గోచరించుచున్నది. అది పని నడపు పద్ధతి.

ధౌలియందువలెనే జౌగడయందును పదునొకండు, పండ్రెండు, పదుమూడవ శాసనములకు బదులుగా రెండు ప్రత్యేకశాసనములు కలవు. జౌగడలో నవి సమాపానగర మహామాత్రుల నుద్దేశించినవి. ప్రజలు తన బిడ్డలని చెప్పి చక్రవర్తి యూరకుండలేదు. తన యాజ్ఞను తిష్యనక్షత్రమున, అనగా పుష్యమినాడు, చదివి వినిపింపవలెననెను, నడుమనడుమను వినిపింపవలెననెను, వినువాడొక్కడే యైనను వినిపింపవలెననెను. అయిదేండ్ల కొకమారు అధికారిని పర్యటనకు పంపుదుననియు, ఉజ్జయిని, తక్షశిలలనుండి మూడేండ్లు మించకుండ పంపవలెననియు నియమించెను. అంతకంటె ముఖ్యమైన దింకొకటి. పని చెడుటకు గల హేతువులను లెక్కించి చెప్పెను: అసూయ, కోపము, కాఠిన్యము, తొందర, అభ్యాసము లేమి, సోమరితనము, అలసట. ఈ పట్టికలో ధనము లేమి లేదని పాఠకులు గమనింతురుగాక.

మన సాంస్కృతిక సంస్థల చరిత్రము నీ పట్టిక చేతబట్టుకొని చదువుట ఈ వ్యాసమున నా ప్రయత్నము. మనవారు ఏ శుభకార్యము తలపెట్టినను ముందు సంకల్పము చెప్పుకొందురు, సంభారములు సమకూర్చుకొందురు. పెండ్లి కుదిరిననాడే యింటి పెద్ద చిట్టా వ్రాయును. పసుపుకుంకుమలు మొదలు పందిరిగుంజలవరకు ఏది ఎప్పుడు, ఎక్కడనుండి, ఎవరు తేవలెనో అందుండును. ఇంటి పెండ్లికి చిట్టా వ్రాయు మనమే భాషకు సంబంధించిన పని యనగానే సంకల్పము చెప్పి, సభ జరిపి, సంభారముల మాట దైవమునకు విడిచిపెట్టుచున్నాము. ఈ మాట నిజమో కాదో మన మహాకార్యములను కొన్నింటిని పరీక్షించి తేల్చుకొందము.

మొదట చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1820లో కడపకు వచ్చిన ఈ యుద్యోగి తెలుగుగ్రంథములను ముద్రించుటకు తొందరపడలేదు. ముందు ప్రతులను సేకరించెను. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు పలుతావులనుండి వ్రాతప్రతులు తెప్పించి, సరిపోల్పించి, శుద్ధప్రతి వ్రాయించెను. వేమన పద్యములను 1829లో ప్రకటించినను, తెలుగు వ్యాకరణమును 1840లో వెలువరించినను, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ముగించినను, అన్నింటి వెనుక నీ సేకరణమే యున్నది. స్వదేశమున కేగినప్పుడును లండనునందలి ఇండియా హౌసులో పడియున్న దక్షిణదేశ వ్రాతప్రతులను గుర్తించి మద్రాసునకు చేరునట్లు చేసెను. తన సంచయమును మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించెను. అది తరువాత ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చేరినది.

ఇందు మెచ్చదగిన గుణము లెవ్వి? సామగ్రి ముందు, ప్రకటన తరువాత. పండితునకు బిరుదము కాదు, నెలజీతము. వస్తువు తనది కాదు, సంస్థది. ఇక దోషమో, వ్యయమంతయు ఒక్క యుద్యోగి జేబునుండి సాగినది. బ్రౌను అప్పులపాలయ్యెను. ఆయన పని నిలిచినదన్నచో గ్రంథములను సకాలమున భాండాగారమునకు చేర్చుటవలననే గాని ధనవ్యవస్థ సరిగా నుండుటవలన కాదు.

రెండవది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి విద్వత్తును గూర్చిగాని త్యాగమును గూర్చిగాని తక్కువ చేసి మాటాడుటకు నాకు నోరు రాదు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, శాస్త్రచరిత్రగ్రంథములు తెలుగున చదువవచ్చునని లోకమునకు చూపినవారాయన. కాని విమర్శకు భక్తి యడ్డము రాకూడదు. సర్వస్వమును వారు అకారాదిక్రమమున ప్రారంభించిరి. 1915నుండి వారి జీవితకాలమున వెలువడిన మూడు సంపుటములును అకారాదివిషయములలోనే నిలిచిపోయినవి. 1923 జూలైలో, నలుబదియారేండ్ల వయసున, వారు గతించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పూనికతో మరల ఎత్తుకొనినను, అక్షరమాల చివరివరకు సాగలేదు.

ఇది మన దురదృష్టమని నిట్టూర్చి ఊరకుందుము. కాని దురదృష్టమునకు తోడు ప్రణాళికాదోషమును కలదు. అకారాదిక్రమమున విభజించిన గ్రంథము మధ్యలో నిలిచినచో చదువరికి మిగులునది తునకయే. అశోకుని గూర్చి తెలియును. బుద్ధుని గూర్చి తెలియదు. కొంతకాలమునకు తెలుగు భాషాసమితివారు విజ్ఞానసర్వస్వమును విషయానుక్రమమున సంపుటీకరించిరి. చరిత్రకు చరిత్ర, భౌతికశాస్త్రమునకు భౌతికశాస్త్రము. ఈ పద్ధతిలో ఒక సంపుటము వెలువడి పని యాగిపోయినను ఆ సంపుటము పూర్ణగ్రంథమే. పనిని ఎట్లు ముక్కలుచేయవలెనన్నది లేఖకుల యిష్టానిష్టములకు సంబంధించినది కాదు. ఆ పని బ్రదుకునా చచ్చునా యన్నది దానిపై నాధారపడియుండును.

అకారాదిక్రమము తప్పనిసరియైన నిఘంటువుల సంగతి యేమందురా? ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువును చూడుడు. 1857లో ఫిలలాజికల్ సొసైటీలో బీజము పడినది. 1879లో పదేండ్లలో ముగింతుమని ఒప్పందము చేసికొనిరి. మొదటి భాగము 1884లో వెలువడినది. అప్పటికి ‘ఎ’ అక్షరమే పూర్తికాలేదు. చివరి భాగము 1928లో వెలువడినది. కాలపు టంచనా తప్పుటలో వారు మనకంటె తక్కువవారు కారు! ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రే 1915లో మరణించెను. అయినను పని యాగలేదు. ఏలయన, ప్రయోగములన్నియు చీటీలపై వ్రాయబడి వరుసగా అమర్చబడియుండెను. అప్పటికే సహసంపాదకులు చెరియొక విభాగమును నడుపుచుండిరి. ఆ పని యొకరి తలలో కాక చీటీలలో నుండెను. లక్ష్మణరావుగారికిని మల్లంపల్లి సోమశేఖరశర్మవంటి సమర్థులైన సహాయకులు లేకపోలేదు. లేనిది పని చేతులు మారు మార్గము. ఆలస్యము దోషము కాదు. అప్పగింత లేమి దోషము.

మూడవది సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఇందు ధనము కొరత యనుటకు వీలు తక్కువ. పిఠాపురము మహారాజా వారి పోషణము, 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్యపంతులుగారి దీక్ష, పండితమండలి — సర్వము నుండెను. మొదటి సంపుటము 1936లో వెలువడినది. రామయ్యపంతులుగారు 1941లో గతించిరి. తరువాతి సంపుటములు ఏండ్లు గడచి, చేతులు మారి, తుదకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనికతో ఎనిమిది సంపుటములుగా ముగిసినవి. ముగిసినది గనుక నీ పనిని నేను గెలుపుక్రిందనే లెక్కింతును. నేడు ఆంధ్రభారతివంటి అంతర్జాల నిఘంటుశోధనలో గంజాము బాలుడు సైత మీ నిఘంటువును క్షణములో చూడగలుగుచున్నాడు.

అయితే సంభారముల మాట విచారింపవలెను. నిఘంటువునకు సంభారము పదము. ఆ పదము నెక్కడనుండి తేవలెనని ప్రశ్నించుకొన్నప్పుడు పరిషత్తువారు ప్రధానముగా కావ్యప్రయోగమువంకనే చూచిరి. పలుకుబడిలోని మాటకు పాలు తక్కువైనది. అంగడికి పోవువాడు ఏ వీథి వెంట పోవలెనో ముందే నిర్ణయించుకొన్నచో, ఆ వీథిలో నమ్మునదే వాని సంచిలో పడును. సేకరణనియమమే గ్రంథస్వభావమును నిర్ణయించినది. కలింగాంధ్రమున నిత్యమును వినబడు ‘బుగత’, ‘కంబారి’, ‘ఒగ్గు’వంటి మాటలు పలుకు రైతు ఆ వీథిలో నివసించువాడు కాడు.

ఈ లోపమును తీర్చిన పని మాండలిక వృత్తిపదకోశము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున సాహిత్య అకాడమీ దీనిని చేపట్టినది. 1962లో వ్యవసాయపదకోశము, 1971లో చేనేతపదకోశము వెలువడినవి. నా యెరుకలో తెలుగున ఇంతకంటె చక్కగా రచింపబడిన కార్యప్రణాళిక లేదు. ఏ వృత్తి యన్నది ముందు నిర్ణయించిరి. ప్రశ్నావళి సిద్ధము చేసిరి. సేకర్తలు ప్రాంతమువెంట ప్రాంతము తిరిగి, ఆ వృత్తిలో నున్నవారినే యడిగి, వారన్న మాటను వారన్నట్లే వ్రాసికొనిరి. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క సంపుటము గనుక ఏది వెలువడినను అది సంపూర్ణము. 1983లో అకాడమీయే రద్దయినది; 1985లో తెలుగు విశ్వవిద్యాలయము నెలకొన్నది. సంస్థ పోయినను, పోకముందు వెలువడిన సంపుటములకు కొరత రాలేదు.

ఇంత మెచ్చుకొని ఒక్క మాట యనక తప్పదు. ఆ సేకరణము ఆంధ్రప్రదేశ్ సరిహద్దులకు లోబడి సాగినది. రాష్ట్ర ప్రభుత్వపు ధనముతో జరిగిన పనికి రాష్ట్రపు టెల్ల సహజమే, తప్పుపట్టను. కాని 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గంజాము జిల్లా చీలినది గాని గంజాము తెలుగు చీలలేదు. బరంపురములో పట్టుమగ్గములపై కూర్చున్న కుటుంబములలో తెలుగు మాటాడువారు కలరు. ఆ మగ్గములోని యొక్కొక్క కొయ్యకును, నూలుకును, ముడికిని వారికొక మాట కలదు. చేనేతపదకోశమునం దా మాటలకు చోటు దొరకలేదు. అరువదేండ్లక్రిందట అడిగియున్నచో చెప్పగల తాతలుండిరి. నేడు వారి మనుమలున్నారు. కొందరు మగ్గము విడిచినారు. ఈ సంభారము అంగడిలో మరల దొరకునది కాదు.

సరిహద్దుల కావల నున్న భాషను సేకరించుట యెట్లో మన గంజాముననే యొకరు చూపియున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరభాషకు లిపి లేదు, పుస్తకము లేదు, నేర్పువాడు లేడు. ఆయన తెలుగు వచ్చిన సవర నొకని యింట నుంచుకొని మాటలు నేర్చెను. మన్యమున తిరిగి కథలను, పాటలను వ్రాసికొనెను. సవరపిల్లలకు వాచకములు కూర్చి, సొంత వ్యయముతో బడులు నడిపెను. ప్రభుత్వము ధనబహుమాన మీయబూనగా నా ధనముతో సవరలకు బడి పెట్టుడనెను. ఆయన సవరభాషా వ్యాకరణగ్రంథమును 1931లో మద్రాసు ప్రభుత్వము ముద్రించినది. ఇందు ధనము స్వల్పము, కాలము దీర్ఘము, పద్ధతి స్పష్టము: ముందు మనిషి, పిదప మాట, పిదప పుస్తకము, పిదప బడి. ఆ వరుస నాయన ఎన్నడును తారుమారు చేయలేదు.

మన మా వరుసను తారుమారు చేయుచున్నామని చెప్పుటకు నా యనుభవము నొకదానిని విన్నవించెదను. పేరు చెప్పబనిలేని యొక పట్టణమున, పేరు చెప్పబనిలేని యొక సంఘమువారు, పిల్లలకై తెలుగు గ్రంథాలయము పెట్టదలచిరి. దాతలిచ్చిన మొత్తములో పెద్దపాలు గదికిని, అద్దపు బీరువాలకును పోయెను. మిగిలిన దానిని మార్చి నెలాఖరులోపల వ్యయము చేయకున్నచో లెక్క మురిగిపోవునని తొందర కలిగినది. మూడంగళ్ళనుండి ధరలు తెప్పించి, తక్కువ ధర చెప్పినవానినుండి పుస్తకములు కొనిరి. వచ్చిన కట్టలు విప్పిచూడగా, ఒకే పుస్తకమునకు పెక్కు ప్రతులు, పోటీపరీక్షల పాతపుస్తకములు, పెద్దలు పారాయణ చేయదగిన గ్రంథములు. పదేండ్ల పిల్ల చేతబట్టుకొని చదువదగినవి వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఎంపికసంఘములో నేనును ఒకడను. జాబితా చదువకయే సంతకము చేసితిని. ఈ విమర్శలోని మొదటి ముద్దాయిని నేనే.

కొన్నాళ్ళకు మా బడిపిల్ల యొకతె వచ్చి, “మాస్టారూ, మా నాయనమ్మ మాటాడినట్టు రాసిన కథల పుస్తకం ఉందా?” అని యడిగినది. బీరువా తెరవబోగా తాళపుచెవి కార్యదర్శివద్ద నున్నది. కార్యదర్శి ఊరిలో లేడు. తాళము తీసినను ఆ పుస్తకము లోపల లేదని నాకు తెలియును. ఆ పిల్ల మరల అడుగలేదు. తెలుగు మాధ్యమమున చదువు మా పిల్లలకు తెలుగు ఇంట నొకటి, బడిలో నొకటి. వీథిలో ఒడియా, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఇట్టి పిల్ల తానై వచ్చి తెలుగుపుస్తక మడుగుట యెంత యపురూపమో మావంటివారికే తెలియును.

ఈ చిన్నకథలో అశోకుని పట్టికలోని హేతువులు మూడు కనబడుచున్నవి: తొందర, అభ్యాసము లేమి, సోమరితనము. మొదటి రెండును సంఘమువి, మూడవది నాది. తక్కువ ధరకు కొనుట బీరువావిషయమున న్యాయమే. ఒకే కొలతగల రెండు బీరువాలలో చవుకది కొనుట వివేకము. పుస్తక మట్టిది కాదు. ఒక పుస్తకమునకు బదులు మరియొకటి రాదు. కనుక ముందు శీర్షికల జాబితా స్థిరపడవలెను, పిదప ఆ జాబితాకే ధర యడుగవలెను. మా సంఘమువారు ధర నడిగి, జాబితాను అంగడివానికి విడిచిరి. తాళపుచెవి సంగతియు నిట్టిదే. కేంద్రప్రభుత్వపు 2017నాటి సామాన్య ఆర్థికనియమావళి సైతము, గ్రంథాలయమున వేయి పుస్తకములు ఎరవిచ్చినచో, లేదా చదువరులు చూచినచో, ఏడాదిలో అయిదు పోవుట సహజమని యంగీకరించుచున్నది. ప్రభుత్వము క్షమించిన అయిదు పుస్తకములకై మనము తక్కిన తొమ్మిదివందల తొంబదియైదింటిని చెరలో పెట్టుచున్నాము.

ధనము క్రమముగా వచ్చు మార్గముండిన ఈ మార్చినెల తొందర యుండదు. ఆంధ్రప్రదేశమున 1960నాటి గ్రంథాలయచట్టము ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు సుంకము విధించి, గ్రంథాలయములకు ఏటేటా రాబడి యేర్పరచినది. మనకట్టి సుంకము లేకపోయినను, ఏడాదికొకమారు పెద్దచందా వసూలుచేయుటకు మారుగా నెలనెలా చిన్నచందా పుచ్చుకొనుట మన చేతిలోని పనియే.

“మహాకార్యములు త్యాగమువలన జరుగును గాని చిట్టాలవలన జరుగునా?” యని యాక్షేపించువారు కలరు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. బ్రౌను, లక్ష్మణరావు, గిడుగు — వీరిలో నెవ్వరును జమాఖర్చు చూచుకొని పనికి దిగినవారు కారు. కాని త్యాగి యెల్లకాల ముండడు. చిట్టా త్యాగమునకు ప్రత్యామ్నాయము కాదు. త్యాగము వ్యర్థము కాకుండ కాచు కంచె. లక్ష్మణరావుగారివంటి త్యాగము వృథపోరాదన్నచో, అట్టివారి పని వారి తరువాతను నడచునట్లు ముందే యేర్పాటు చేయుటయే వారికి మనము చేయు గౌరవము.

తుదకు నా సూచన. గంజాము తెలుగు వృత్తిపదకోశము నొకదానిని మన సంఘము చేపట్టవలెను. పెద్దమాట యని జంకవలదు. మొదటి సంపుటము బరంపురపు పట్టునేత యొక్కటే. మొదటి మూడునెలలలో ప్రశ్నావళి. దానికి 1971నాటి చేనేతపదకోశమే నమూనా. తరువాతి తొమ్మిదినెలలు సేకరణము: సేకర్తలు మన బడులలోని పైతరగతి పిల్లలు, చెప్పువారు వారి తాతలు, అమ్మమ్మలు. మాటకొక చీటీ, చెప్పినవారి ఊరు, వయస్సు, వృత్తి దానిపై నుండవలెను. చరవాణిలో వారి కంఠమును భద్రపరుపవలెను. కొనవలసిన సామగ్రి చీటీలు, వానిని పెట్టు పెట్టెలు, ప్రతులు దాచు రెండు కంప్యూటరు డిస్కులు, అంతియే. గది వలదు, బీరువా వలదు. సేకర్తకు దారిఖర్చు తప్పక యీయవలెను. ముద్రణకు వలయు ధనము చీటీలు సిద్ధమైన తరువాతనే వసూలుచేయవలెను. ప్రతి పెట్టెకును ఇద్దరు బాధ్యులుండవలెను. ఒకరు లేకున్నచో రెండవవారు తెరువవలెను. నాలుగు నెలలకొకమారు, పుష్యమినాడు, చీటీలను ముందిడుకొని, ఎన్ని వచ్చినవి, ఏల రాలేదు, అని చదివి వినిపింపవలెను. వినువాడొక్కడే యైనను వినిపింపవలెను.

ఈ పని యొక సంవత్సరమున ముగియకపోవచ్చును. ఆక్స్‌ఫర్డువారి పదేండ్లు నలుబదితొమ్మిదేండ్లైనవి. మన ఏడాది మూడేండ్లైనను సిగ్గుపడబనిలేదు. కాని సేకరణము మాత్రము వాయిదా వేయదగినది కాదు. ముద్రణము ఆగగలదు, మగ్గముముందు కూర్చున్న ముదుసలి యాగజాలదు. జౌగడశిలపై అక్షరములు కొన్ని పెచ్చులూడి పోయినవి. ఱాతికే ఆ గతి పట్టగా, నోటిమాటకు రక్షణ యెవరు? నాయనమ్మ మాటాడినట్లు వ్రాసిన పుస్తకమడిగిన ఆ పిల్లకు నే నింకను బదులు చెప్పియుండలేదు. ఆ బదులు మన మందరము కలసి చెప్పవలసినది.